గట్టు మీద కొలిచిన ఎండ

ఆ నిబంధన రాసింది నేనే. ఈ జ్ఞాపకాన్ని ఎటునుంచి మొదలుపెట్టినా చివరికి ఆ వాక్యం దగ్గరికే రావలసి ఉంటుంది కనుక అక్కడే మొదలుపెడుతున్నాను.

తాడేపల్లిగూడెంలో నేను ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నప్పుడు మా విభాగం వారు ఎండతో నడిచే చిన్న రోబోల పందెం తలపెట్టారు. బ్యాటరీ ఉండకూడదు. సోలార్ పలకల మీద పడిన ఎండ తప్ప మరో ఇంధనం లేదు. మొత్తం బరువు నూట ఇరవై గ్రాములు దాటకూడదు. సిమెంటు నేల మీద గీసిన నల్లగీతను తనంతట తాను చూసుకుంటూ పది మీటర్లు నడవాలి. పందెం మార్చి నెలాఖరున, మధ్యాహ్నం ఒంటిగంటకు. నేను అప్పటికే కళాశాల తరఫున డిబేట్ పోటీల్లో మాట్లాడేవాణ్ని. వాక్యం బిగువుగా రాస్తానన్న పేరు కూడా ఉండేది. అందుచేత మా సారు నన్ను పిలిచి నిబంధనలు రాసిపెట్టమన్నారు. పాల్గొనే ఉద్దేశం లేనివాడు న్యాయంగా రాస్తాడని ఆయన అభిప్రాయం. నా అభిప్రాయమూ అదే.

ఏడో నిబంధన ఇలా రాశాను: డ్రాయింగు సమర్పించిన తరువాత రోబో ఆకారాన్ని గాని, పలకల అమరికను గాని మార్చరాదు. ఒకరి ఆలోచనను మరొకరు చివరి రోజుల్లో చూసి తీసుకోకుండా ఉండాలంటే ఈ కంచె అవసరమని సారుకు పావుగంటసేపు వివరించాను. ఆయన పూర్తిగా వినకుండానే ఒప్పుకున్నారు.

ఆ తరువాత పది రోజులకు, ఈ పందెమే ఆ సెమిస్టరుకు మినీ ప్రాజెక్టు అని, ఇద్దరిద్దరు చొప్పున అందరూ చేయవలసిందేనని నోటీసు వచ్చింది. నిబంధనలు రాసినవాడు పోటీలో ఉండడం సబబు కాదని సారుతో అన్నాను. అచ్చయిపోయిన కాగితాన్ని నువ్వు మాత్రం ఏం మార్చగలవులే అని ఆయన నవ్వారు. స్నేహితులు అప్పటికే జతలు కట్టేసుకున్నారు. ఎవరి జతలోనూ లేకుండా మిగిలింది ఇద్దరం. నేను ఒకణ్ని. డిప్లొమా చదివి నేరుగా రెండో సంవత్సరంలో చేరిన, కొల్లేటి లంకలో ఇల్లున్న ఒక అమ్మాయి రెండో మనిషి.

ఆమెతో నేను అంతకు ముందు పది మాటలు కూడా మాట్లాడలేదు. ఉదయం లంక నుంచి ఆటోలో ఏలూరు వచ్చి, నేను ఎక్కే రైలే ఎక్కేది. దెందులూరు, భీమడోలు, పుల్ల దాటి గూడెం వచ్చేదాకా కిటికీ పక్కన కూర్చుని ఏదో ఒక సర్క్యూట్ గీస్తూ ఉండేది. ఒకే తరగతి వాళ్ళమైనా మేము ఒకరినొకరు మీరు అనే పిలుచుకున్నాం. మా వైపు పరిచయం లేని ఆడపిల్లా మగపిల్లవాడూ మాట్లాడుకుంటే అలాగే మాట్లాడుకుంటారు.

ఆమెకు ఈ పందెం ఎందుకు కావాలో మొదటి రోజే చెప్పింది. గెలిచిన జట్టులో ఒకరికి ఏడాదిపాటు ల్యాబ్ అసిస్టెంటు స్థానం ఇస్తారు. అంటే ల్యాబ్ తాళం, ఒక బల్ల, సెలవుల్లో కూడా పరికరాలు వాడుకునే అనుమతి. ఆమె తండ్రి చేపల చెరువుకు కాపలా. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఆ ఘడియలో ఎవరూ చూడకపోతే ఉదయానికి చెరువంతా చచ్చిన చేపలు తెల్లగా వెల్లకిలా తేలి ఉంటాయి. అలా తేలకముందే కూతపెట్టి కాపలా మనిషిని లేపే చిన్న పరికరం ఒకటి ఆమె సగం చేసి ఉంచింది. మిగతా సగం ల్యాబ్ లేకుండా కాదు. గెలిస్తే ఆ స్థానం ఆమెదేనని నేను అప్పుడే ఒప్పుకున్నాను. నాకు దానితో పని లేదు. నిజానికి ఆ కళాశాలలో దేనితోనూ నాకు పని లేదు. లా చదవాలనుకున్న నన్ను ఇంట్లోవాళ్ళు అక్కడ చేర్చారు, నాలుగేళ్ళు ఎలాగో గడపాలి. ఈ ఒక్క పనైనా మరొకరికి ఉపయోగపడేట్టు చేయగలిగితే బాగుంటుందని అనుకున్నాను.

యంత్రాన్ని ఆమె చేసింది. నేను బరువు తూచాను, లెక్కలు రాశాను. చేపలు ప్యాక్ చేసే తెల్లటి థర్మోకోల్ పెట్టె మూతను బ్లేడుతో కోసి ఆమె దానికి ఒళ్ళు తయారుచేసింది. ఆ ఒంటికి ఎంత కడిగినా నీచువాసన వదలలేదు. పులుసు ఎప్పుడు పెడుతున్నారండీ అని తరగతిలో రోజూ ఎవరో ఒకరు అడిగేవారు. మీ ఇంటి నుంచి చింతపండు తెచ్చిన రోజున అని ఆమె తలెత్తకుండానే జవాబు చెప్పేది. మరలు బరువని వాటిని మానేసి, పిట్టలు వాలకుండా చెరువుకు అడ్డంగా కట్టే సన్నటి నైలాన్ దారంతో మోటారునూ చక్రాలనూ కట్టేసింది. ఎండ నుంచి వచ్చిన కరెంటును ఒక కెపాసిటర్ కొంచెం కొంచెంగా కూడబెట్టుకుంటుంది, నిండగానే మోటారుకు ఇస్తుంది; యంత్రం జానెడు నడిచి ఆగుతుంది, మళ్ళీ కూడబెట్టుకుంటుంది. ఎండ ఎంత పడితే ఆ ఆగడం అంత తగ్గుతుంది. కనుక గెలుపంతా పలకలను ఎలా పెట్టామన్నదాని మీదే ఉంది.

ఆ పరీక్ష కళాశాలలో చేయకూడదని పట్టుబట్టింది నేను. ప్రత్యర్థి ఎదుట వాదన ముందుగా విప్పరాదన్నది డిబేట్‌లో నేర్చుకున్న మొదటి పాఠం. చెట్టూ గోడా నీడపడని చోటు ఎక్కడుందని ఆలోచిస్తే ఆమె వాళ్ళ చెరువుగట్టు అంది. రెండు చెరువుల మధ్య ఉత్తర దక్షిణాలుగా సాగే గట్టు, గట్టి మట్టి, పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. వారంలో మా ఇద్దరికీ తీరే రోజు ఆదివారం ఒక్కటే. తొమ్మిదింటికి ఆమె చర్చిలో ఆరాధనకు వెళ్ళాలి, పిల్లలకు పాటలు నేర్పేది కూడా తనే. కాబట్టి ఆరున్నర నుంచి ఎనిమిది వరకు మా పరీక్ష. నేను చీకటితోనే ఏలూరులో బయలుదేరి మోటారుసైకిలు మీద వెళ్ళేవాణ్ని. అప్పటికే ఆమె తండ్రి చేపల మేతకని తవుడు బస్తాలకు కన్నాలు పొడిచి, పడవలో తీసుకెళ్ళి, నీటిలో పాతిన గెడలకు కడుతూ ఉండేవాడు.

మూడు ఆదివారాలు కొలిచాం. పలకలను బల్లపరుపుగా పరిస్తే యంత్రం పది మీటర్లకు చాలాసేపు తీసుకుంది. పాక చూరులా రెండు పక్కలకూ వాలుగా నిలబెడితే సగానికన్నా తక్కువ సమయంలో చేరింది. ప్రతి ఆదివారమూ అంతే. నాకు ఇంకేం కావాలి?

డ్రాయింగు ఇవ్వవలసిన ముందురోజు రైల్లో ఆమె కిటికీలోంచి చూస్తూ, బల్లపరుపుగానే పెడితే మంచిదేమోనండి అంది. ఎందుకని అడిగాను. పందెం మధ్యాహ్నం కదా, అప్పటి ఎండ వేరుగా ఉంటుందేమో అంది. నేను నోటుపుస్తకం తెరిచి మూడు ఆదివారాల అంకెలు చూపించాను. మీ దగ్గర దీనికి ఎదురు కొలత ఏమైనా ఉందా అని అడిగాను. లేదంది. కొలత లేని అనుమానాన్ని సాక్ష్యంగా ఎలా తీసుకుంటాం, తీసుకుంటే ఎక్కడ ఆగుతాం అని అడిగాను. నా గొంతు పెరిగి ఉండాలి, ఎదుటి బెంచీలో పూలబుట్టతో కూర్చున్న ఒక పెద్దావిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నా జట్టు అమ్మాయి తను గీస్తున్న కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. తరువాత, "అలాగేనండి" అంది.

నేను దాన్ని ఒప్పుకోలు అనుకున్నాను. మధ్యాహ్నం ఒక్కసారి కొలిచి చూద్దాం అన్న మాట నా నోటికి రాలేదు. గెలిచిన వాదనను మళ్ళీ విప్పడం మాకు ఎవరూ నేర్పలేదు. డ్రాయింగు మీద జట్టు నాయకుడిగా సంతకం ఒక్కరిదే అడిగారు. నేను చేశాను.

పందేనికి వారం ముందు వచ్చిన ఆదివారం దారం బిగింపు సరిచూసుకున్నాక ఆమె ఆరాధనకు వెళ్ళిపోయింది. నా మోటారుసైకిలు చక్రానికి గాలి పోయింది. గాలి పంపు తెప్పిస్తానని ఆమె తండ్రి ఎవరికో ఫోను చేసి, పాక ముందు మంచం వాల్చాడు. పొద్దెక్కింది. ఆయన మళ్ళీ పడవ ఎక్కబోతూ తలకు టోపీ పెట్టి, తువ్వాలును మాత్రం తలకు కాకుండా గడ్డం కింద నుంచి చెంపల మీదుగా చుట్టుకున్నాడు. పన్నునొప్పి వచ్చినవాళ్ళు కట్టుకున్నట్టు ఉంది. టోపీ ఉండగా అదెందుకని ఊరికే అడిగాను.

"పైనుంచి వచ్చేది టోపీ ఆపుతాదండి," అన్నాడు. "చెరువు మీద ఎండ కిందనుంచి కూడా కొడతాది బాబూ. పొద్దున్నే అయితే మరీనూ, నీళ్ళమీంచి మొహం మీదకే వస్తాది. చదువుకున్నోరు, మీకు నేను చెప్పాలా?"

అని పడవ తోసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన గడ్డం కింద, చెవుల కింద చర్మం బుగ్గలకన్నా నల్లగా ఉందని అప్పుడు చూశాను. ఇన్ని ఆదివారాలుగా ఆయన ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాను.

నేను లేచి యంత్రాన్నీ మీటరునూ తీసుకున్నాను. మేము కొలిచినది ఎండను కాదు. పొద్దుటి పూట అడ్డంగా వచ్చే ఎండనూ, నీటి మీద పడి తిరిగి వచ్చే వెలుగునూ కలిపి కొలిచాం. వాలుగా నిలిచిన పలకకు పైనుంచీ కిందనుంచీ అందింది. కళాశాల సిమెంటు మీద, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు, కింద నీరూ ఉండదు, పక్కనుంచి వెలుగూ రాదు. ఒంటిగంట అయ్యేదాకా ఆగాను. చెరువు వదిలి తారురోడ్డు దాకా నడిచి అక్కడ కొలిచాను. చూరులా నిలిచిన పలకలు, బల్లపరుపుగా పెట్టినప్పుడు ఇచ్చేదానిలో సగం ఇస్తున్నాయి. నాలుగుసార్లు కొలిచాను. నాలుగుసార్లూ అంతే.

ఆరాధనా, ఆ తరువాత పిల్లల పాటలూ ముగిసి ఆమె వచ్చే వేళ అవుతోంది. నేను ఆగలేదు. చక్రానికి గాలి కొట్టించుకుని ఏలూరు వచ్చేశాను. ఆమె మొహం చూసి ఈ మాట చెప్పడానికి ముందు ఏదో ఒక దారి వెతికి పెట్టుకోవాలనుకున్నాను. ఆ రోజంతా ఇంట్లో గదిలో కూర్చుని నేను రాసిన పద్నాలుగు నిబంధనలను మొదటినుంచి చివరికీ, చివరినుంచి మొదటికీ చదివాను. ఎక్కడైనా సందు ఉంటుందేమోనని చూశాను. లేదు. బాగా రాశాను.

సోమవారం రైలులో ఆమె ఎక్కిన పెట్టె కాకుండా వేరే పెట్టె ఎక్కాను. నేరుగా సారు గదికి వెళ్ళి జరిగినది జరిగినట్టు చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"కంచె వేసినోడివీ నువ్వే, పంచె చిక్కుకున్నోడివీ నువ్వే. బాగుందయ్యా," అన్నారు. తరువాత ఆలోచించి, ఒక్కరోజు గడువిస్తూ నోటీసు పెడదాం, అమరిక మార్చుకోవాలనుకున్నవాళ్ళు ఎవరైనా మార్చుకోవచ్చు, అందరికీ వర్తిస్తుంది కాబట్టి పేచీ ఉండదు అన్నారు. "మరి మీ ఇద్దరూ ఏమంటారు?" అని అడిగారు.

నేను వద్దన్నాను. మిగతా జట్లు తమ డ్రాయింగుకు కట్టుబడి ఉన్నాయి. ఈ గడువు పేరుకు అందరిదీ, ఉపయోగానికి మా ఒక్కరిదీ. నిబంధన రాసినవాడి కోసం నిబంధన సడలితే అది నిబంధన కాదు. ఇలా మూడు నాలుగు వాక్యాలు చెప్పాను. వరుస తప్పకుండా చెప్పాను. సరే నీ ఇష్టం అన్నారు సారు.

మధ్యాహ్నం మెట్ల దగ్గర ఆమెకు అంతా చెప్పాను. తప్పు నాదేనని మొదటే చెప్పాను. రైల్లో ఆమె అన్నది సరైనదని కూడా చెప్పాను. గడువు గురించి సారు అన్నదీ, నేను వద్దన్నదీ చివర చెప్పాను. ఆమె అన్నం డబ్బా మూత పెట్టి, దాని చుట్టూ గుడ్డ ముడివేసింది.

"సార్ అడిగింది మన ఇద్దరినీ కదండి," అంది. "జవాబు మీరొక్కరే చెప్పేశారా?"

నేను మళ్ళీ వెళ్ళి అడుగుతానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు అడిగితే నా కోసం మార్చినట్టు అవుతుందండి. ఏడాదిపాటు ఆ మాట పడుతూ ఆ తాళం పట్టుకోలేను."

అంతే అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. నేను ఆ మెట్ల మీదే నిలబడిపోయాను. సారు ముందు నేను కాపాడినది న్యాయాన్నేనా? లేక నా నిబంధనను నా కోసమే సవరించారని నలుగురూ అనుకోకుండా నా పేరునా? రెండూ కలిసే ఉండవచ్చు. అయితే ఆమె స్థానాన్ని పణం పెట్టే హక్కు ఆ రెంటిలో దేనికి ఉంది? పోటీల్లో అయితే ఏడు నిమిషాలకు గంట మోగుతుంది, ఏ ప్రశ్న అయినా అక్కడితో ఆగిపోతుంది. ఇక్కడ గంట మోగలేదు. ఆ వారం మిగిలిన రోజులన్నీ ఒకే రైల్లో ఎదురెదురుగా కూర్చుని వెళ్ళాం. యంత్రం ఒళ్ళో పెట్టుకున్న అట్టపెట్టెలో ఉంది. ఓడిపోతుందని తెలిసిన దాన్ని పదిలంగా మోసుకెళ్ళాం. ఆమె మాత్రం ఒకరోజు పెట్టె తెరిచి, చక్రం ఇరుసుకు ఒక చుక్క నూనె వేసింది.

పందెం రోజు ఎండ దంచికొట్టింది. మెయిన్ బ్లాకు ముందు సిమెంటు మీద తొమ్మిది నల్లగీతలు గీశారు. యంత్రాన్ని వదిలాక ఎవరూ తాకకూడదు. అది నాలుగో నిబంధన. మాది జానెడు నడిచి ఆగేది. పక్క గీతల మీద బల్లపరుపు పలకలు వేసుకున్నవి ఆగీ ఆగనట్టు పోతున్నాయి. నిలబడి చూడడం తప్ప మాకు పని లేదు. మాది ఆగినప్పుడల్లా దాని నీడ దాని కిందే ముద్దగా పడి ఉండేది. ఎవరో పులుసు ఉడికిందండోయ్ అన్నారు, కొందరు నవ్వారు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, గీత పక్కనే, యంత్రంతోపాటు కొంచెం కొంచెం జరుగుతూ చివరిదాకా వెళ్ళింది. గీత ఎక్కడా తప్పలేదు, దారం ఎక్కడా సడలలేదు, ఆమె చేసిన పనిలో ఏ లోపమూ కనబడలేదు. ఆరో స్థానం వచ్చింది.

గెలిచిన జట్టులో ఒక అబ్బాయికి ల్యాబ్ స్థానం ఇస్తూ ఆ సాయంత్రమే నోటీసు పెట్టారు. నేను నివేదికలో, పలకల అమరిక పూర్తిగా నా నిర్ణయమని, నా జట్టు సభ్యురాలు ముందే వద్దన్నారని రాసి సంతకం చేశాను. సారు అది చదివి, మార్కులు ఇద్దరికీ సమానమేనయ్యా, ఇందులో చెయ్యడానికేమీ లేదు అన్నారు. నాకు తెలుసు.

మరుసటి వారం, వచ్చే ఏడాదికి నిబంధనలు సరిచూడాలని సారు మా ఇద్దరినీ పిలిచారు. ఏడోది తీసేద్దామా అని నన్ను అడిగారు. నేను ఆమె వైపు చూశాను. ఈసారి జవాబు ఆమే చెప్పాలన్నాను.

"ఉంచండి సార్," అంది ఆమె. "ఒకటి కలపండి."

సారు నాకు కాగితం జరిపారు. కలం తీశాను. ఆమె గోడ వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పింది: డ్రాయింగు ఇచ్చే ముందు జట్టులో ఎవరికైనా అనుమానం ఉంటే అది కూడా రాయాలి. కొలత లేకపోయినా రాయాలి. రెండోవాళ్ళు దాన్ని కొట్టెయ్యకూడదు.

సభ్యులలో భిన్నాభిప్రాయము గలవారు, అని నేను మొదలుపెట్టాను. ఆమె కాగితం మీదికి వంగి చూసింది.

"నేనన్నట్టే రాయండి."

కొట్టేసి ఆమె అన్నట్టే రాశాను. ఆ వాక్యాలను సవరించాలని ఇప్పుడు కూడా అనిపిస్తుంది. సవరించలేదు. మరుసటి ఏటి కాగితంలో అవి అలాగే అచ్చయ్యాయి.

శనివారాలు మధ్యాహ్నం ల్యాబ్‌లో ఒక మూల తనను పని చేసుకోనిస్తారా అని ఆమె సారును అడిగింది. తాళం ఇప్పుడు ఆ అబ్బాయి దగ్గర ఉంది, అతన్ని అడుగమ్మా అన్నారాయన. అతను వరండాలోనే ఉన్నాడు. ఆమె సంచీలోంచి సగం చేసిన తన పరికరం తీసుకుని బయటికి వెళ్ళింది. ఆమె తరఫున నేను మాట్లాడతానని కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాను. కిటికీలోంచి మాటలు వినబడలేదు. ఆమె వైరు ఒకటి పట్టుకుని అతనికి ఏదో చూపిస్తోంది, అతను వంగి చూస్తున్నాడు. రెండు నెలలు కలిసి పనిచేశాం, ఆమె అంతసేపు ఆపకుండా మాట్లాడగా నేను చూడడం అదే మొదటిసారి.